దొంగ గుట్ట

దెయ్యాలు అర్ధరాత్రే వస్తాయని ఎవరు పుట్టించారో తెలీదు. పగలంతా పనీపాటా ఉన్నవాళ్ళెవరో అయ్యుంటారు. నేను చెప్పబోయేది ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేసి చెయ్యి ఆరకముందే బయలుదేరి వెళ్ళిన వేళ జరిగింది. కాకపోతే మా గదికి పగలూ రాత్రీ ఒకటే. పెద్ద భవనం కింద నేలమాళిగ. కిటికీ లేదు. మెట్లు దిగి ఇనప తలుపును భుజంతో నెడితే ముందు చల్లగాలి తగిలేది. తరవాత పంపు గుర్రుమనే చప్పుడు. ఆ తరవాత వాసన: వేడెక్కిన రబ్బరు, టంకం పొగ, దూదికి అంటిన స్పిరిటు, మూడూ కలిసింది. నా ఉద్యోగమంతా ఆ వాసనలోనే గడిచింది. ఇప్పటికీ ఇంజెక్షను ఇచ్చేముందు నర్సు దూదితో చెయ్యి రుద్దితే నాకు సూది భయం వెయ్యదు, మా గది గుర్తొస్తుంది.

మేం చేసే పనేమిటో చుట్టాలకు చెప్పలేక చచ్చేవాళ్ళం. "చిక్కటి ద్రవాలను కొలుస్తాం" అంటే, "లీటర్లలోనా, కిలోల్లోనా?" అనేవాడు మా పెద్దమామయ్య. అసలు సంగతి ఇంతే. కోటు గుండీలంత లోహపు బిళ్ళలు రెండు. వాటి మధ్య కాగితం మందం ఖాళీ. ఆ ఖాళీలో తేనెలాంటి చిక్కటి ద్రవం. బిళ్ళలకు కరెంటు ఇస్తాం, ఇటొకసారి, అటొకసారి. డ్రిల్లు మాస్టారు ఈల వేసినప్పుడల్లా పిల్లలు ఇటూ అటూ తిరిగినట్టు, ద్రవంలోని అణువులు తిరగాలి. ఈల నెమ్మదిగా వేస్తే అందరూ తిరుగుతారు. మరీ తొందరగా వేస్తే ఎవరూ కదలరు, మాస్టారి మొహం చూస్తూ నిలబడతారు. మధ్యలో ఒక వేగం ఉంటుంది. అక్కడ తిరగాలో వద్దో తేలక ఒకళ్ళనొకళ్ళు తోసుకుని ఒళ్ళు వేడెక్కించుకుంటారు. కాగితం మీద గీత గీస్తే సరిగ్గా అక్కడ గుట్టలాగా లేస్తుంది. ద్రవాన్ని చల్లబరిచే కొద్దీ అణువులు ముసలివైపోతాయి, గుట్ట నెమ్మది వైపుకు జరుగుతుంది. ఇప్పుడు నేను కుర్చీలోంచి లేవడానికి పట్టే సమయం చూస్తే నా గుట్ట కూడా బాగా అటే జరిగినట్టుంది.

చిక్కల్లా దొంగ గుట్టలతో. ద్రవంలో ఏమీ లేకపోయినా గీత మీద గుట్ట లేస్తుంది. తీగ పొడుగైతే గీతకు తొందర చివర ఒకటి. ద్రవంలో గోరంత ఉప్పు కలిసిందా, అది మెల్లగా పోయి బిళ్ళలకు పేరుకుని నెమ్మది చివర కొండంత చేసి చూపిస్తుంది. చల్లబడ్డ ద్రవం ముడుచుకుంటూ బిళ్ళలను తనతోపాటు లాగితే మరొకటి. తాడును చూసి పామనుకోవడం మా వృత్తిలో రోజూ ఉండే ప్రమాదం. పామును చూసి తాడనుకోవడం కూడా ఉంటుంది గానీ, దాని గురించి మాకు ఎవరూ పాఠం చెప్పలేదు.

దొంగ గుట్టలను పట్టుకోవడంలో నా భార్యను మించినవాళ్ళు లేరు. ఇద్దరం ఆ గదిలోనే ఎదురెదురు బల్లల దగ్గర పనిచేసేవాళ్ళం. ల్యాబంతా ఆవిణ్ణి పోలీసమ్మ అనేది. నన్ను పోలీసమ్మగారి మొగుడు అనేది. నా డిగ్రీలూ పేపర్లూ ఏమయ్యాయో దేవుడికెరుక. ఎవరు గీత పట్టుకొచ్చినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గుట్ట మీద వేలు పెట్టి, "నువ్వు ఎవరి తాలూకు?" అని గుట్టనే అడిగేది. తీగ మార్చేది. పంపు ఆపేది. బిళ్ళల మధ్య దూరం పెంచి చూసేది. అన్నిటికన్నా ముందు ఖాళీ బిళ్ళలను కొలిచేది. "ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏమేం చప్పుళ్ళవుతాయో తెలిస్తేనే కదా, దొంగ వచ్చాడో లేదో తెలిసేది" అనేది. ఒకసారి పైనుంచి వచ్చిన ఒక మహానుభావుడు ప్రకృతిలో కొత్త ధర్మం కనిపెట్టానని ఉపన్యాసం ఇస్తుంటే, ఈవిడ లేచి వెళ్ళి ఆయన తీగను సగానికి కత్తిరించి వచ్చింది. ధర్మం సగం అయిపోయింది. ఆయన మళ్ళీ మా మెట్లు దిగలేదు.

ఇంట్లోనూ అంతే. "కూరలో ఉప్పెక్కువైంది" అన్నానా, "నోరు పుక్కిలించి ఖాళీ నాలుకను కొలిచారా మీరు?" అనేది.

పిల్లలు లేరు మాకు. దాని మీద ఎవరెవరు ఏమన్నారో చెబితే అదో భాగవతం. వదిలేద్దాం.

అందరి గుట్టలనూ విచారించిన మనిషి, తన దగ్గును మాత్రం విచారించలేదు. దుమ్ము తాలూకు అని కొన్నాళ్ళు, చలిగాలి తాలూకు అని కొన్నాళ్ళు వదిలేసింది. చివరికి డాక్టరు ఎక్సురే దీపానికి అడ్డంగా పట్టుకుంటే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తనే ముందు చూసింది. డాక్టరు నోరు తెరవకముందే, "ఇది అసలుదేనండీ" అంది నాతో.

ఆసుపత్రిలో చేరే ముందురోజు ల్యాబుకు వచ్చింది. వద్దంటే వింటుందా? గాజు పుల్లతో చిక్కటి ద్రవం ఒక చుక్క తీసి కింది బిళ్ళ మీద వాల్చింది. బుడగ లేకుండా వాల్చడం అందరికీ చేతకాదు, నాకైతే జన్మలో రాలేదు. పై బిళ్ళ దించి, మరలు బిగించి, థర్మాసు ఫ్లాస్కుకు పెద్దన్నలాంటి స్టీలు పీపాలోకి దాన్ని దించింది. చుట్టూ ద్రవ నైట్రోజన్ బుసలు కొడుతూ పొగలు కక్కింది.

"చల్లబడనివ్వండి. తొందరపెట్టకండి. నేనొచ్చాక చూద్దాం" అంది.

"ఖాళీ కొలత అయిందా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"ఎవరిని అడుగుతున్నారు?" అంది.

తిరిగి రాలేదు. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఆ ఊపిరి వింటూ ఉండేవాణ్ణి. చిన్నగా ఒకటి, చిన్నగా మరొకటి, పెద్దగా ఒకటి... ఆగిపోయేది. అది ఆగితే నేనూ ఆపేసేవాణ్ణి. అది మొదలయ్యాకే నేనూ మొదలెట్టేవాణ్ణి. ఒక తెల్లవారుజామున ఆగింది. నేనూ ఆపాను. ఇక ఉండలేక నేను వదిలేశాను. తను వదల్లేదు.

మళ్ళీ ల్యాబుకు వెళ్ళేసరికి చాలా రోజులైంది. పీపా అలాగే ఉంది, చల్లగా. నేను లేని రోజులన్నీ దాన్లో నైట్రోజన్ పోస్తూ వచ్చింది నా బావమరిది. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. మా భవనంలోనే మిషన్లు బాగుచేసే పని. ఏం చెడినా ముందు ఫ్యూజు చూస్తాడని వాడికి ఫ్యూజు అనే పేరు పడిపోయింది. "నిన్నెవరు పొయ్యమన్నార్రా?" అంటే, "అక్క చల్లబడనివ్వమంది కదా" అన్నాడు. అక్క పోయిందని వాడికి తెలుసు. చల్లబడటం పూర్తయిందని ఎవరూ చెప్పలేదు కనక పోస్తూనే ఉన్నాడు.

కొలిచాను. గీత చక్కగా వచ్చింది. ఉండాల్సిన గుట్ట ఉండాల్సిన చోటే ఉంది. దానికవతల, ఈల మరీ నెమ్మదిగా వేసే చివర, ఏమీ ఉండకూడని చోట, ఇంకొకటి లేచింది. చిన్నది. గుండ్రంగా.

ఆవిడ పద్ధతిలోనే విచారణ మొదలెట్టాను. తీగ మార్చాను. పోలేదు. పంపు ఆపాను. పోలేదు. నైట్రోజన్ ఉడుకు తగ్గేదాకా ఆగాను. పోలేదు. మీటరు మార్చాను. చివరికి బిళ్ళలకు ఇచ్చే కరెంటే ఆపేశాను. డ్రిల్లు మాస్టారు ఇంటికెళ్ళిపోయినట్టు. ఇక మైదానంలో ఎవరూ కదలకూడదు.

మీటరు ముల్లు కదిలింది.

మెల్లగా లేచింది. తడబడింది. దిగింది. మళ్ళీ లేచింది, ఇంకొంచెం పైకి... దిగింది. తరవాత ఆగింది. ఆగి, మళ్ళీ...

నాకు ఆ నడక తెలుసు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నేర్చుకున్న నడక అది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టాను. అది దొర్లి కింద పడింది. తీసుకోలేదు.

ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి, లైట్లన్నీ తీసేసి, మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మొదట నాలుగైదు రోజులు ఒళ్ళు జలదరించేది. పంపు ఆగాక ఆ గదిలో ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. నైట్రోజన్ బుస తప్ప ఏమీ ఉండదు. ఆ బుసలో ఒక్కోసారి మాట వినపడినట్టుండేది. తల తిప్పితే ఏమీ ఉండేది కాదు. తరవాత అలవాటైంది. ఇంటి సంగతులు చెప్పేవాణ్ణి. పాలవాడు మళ్ళీ నీళ్ళు కలుపుతున్నాడని, పక్కింటావిడ కోడలితో మాట్లాడటం మానేసిందని. ముల్లు లేచేది, దిగేది. ఆమె ఉన్నప్పుడు కూడా నా కబుర్లకు అంతకన్నా జవాబేం వచ్చేది కాదు లెండి.

కానీ మనసులో ఒక ముల్లు. ఖాళీ కొలత. భర్త బుద్ధి ఉన్నదేదో నమ్మమంటుంది. ఆవిడ నేర్పిన బుద్ధి ఖాళీ బిళ్ళలు చూడమంటుంది. ద్రవం పొయ్యకముందు ఆవిడ ఖాళీ బిళ్ళలను కొలిచిన మాట నిజమే, కానీ ఇలా కరెంటు ఆపేసి, ముల్లు వంక చూస్తూ ఎవరు కొలుస్తారు? ఇప్పుడు చూడాలంటే బిళ్ళలు విప్పాలి. విప్పితే ఆ చుక్క పోతుంది. తన చేత్తో వాల్చిన చుక్క. విప్పకపోతే అది ఆమేనా కాదా అన్నది ఎన్నటికీ తేలదు. విప్పితే తేలుతుంది, ఆమె ఉండదు.

అలా ఎంతకాలం లాగేవాణ్ణో. ఒక శుక్రవారం డైరెక్టరు పిలిచారు. మంచాయనే, మా ఇంటికొచ్చి ఏడ్చినవాళ్ళలో ఒకరు. "సోమవారం నుంచి పీపా, బిళ్ళలు రెండో జట్టుకు కావాలి. కడిగి ఇచ్చెయ్యండి" అన్నారు. ఇంకొన్నాళ్ళు అని బతిమాలాను. "దాన్లో ఏముంది?" అన్నారు. ఏముందని చెప్పను?

ఆదివారం ఫ్యూజును రమ్మన్నాను.

"ఏంటి బావా, ఆదివారం కూడా పోలీసు స్టేషనేనా?" అంటూ మెట్లు దిగాడు. పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు గానీ కళ్ళు నన్ను తడుముతున్నాయి. నేను చిక్కిపోయానని మా అత్తగారితో చెబుతున్నట్టు నాకు తెలుసు.

"నోరు మూసుకుని తలుపు వెయ్యరా."

చెప్పాను. అంతా విన్నాడు. నవ్వలేదు. వాడి మొహంలో నాకు పిచ్చి పట్టిందన్న అనుమానం ఒక్క క్షణం వచ్చి పోయింది. "మా అక్క దాన్లో ఉంటే, ఇంతసేపు నన్ను తిట్టకుండా ఉంటుందా?" అన్నాడు.

తరవాత పనివాడైపోయాడు. ప్లగ్గులు పీకాడు. పంపు కట్టేశాడు. మీటరును బ్యాటరీ మీద పెట్టాడు. "ట్యూబులైట్లు కూడా ఆర్పాలి బావా. వాటి చోకు గోల మీటరుకు తగులుతుంది." గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చులు నొక్కాడు. ఒక్కో వరసా ఆరిపోయింది.

చీకటి. తలుపు కింద మెట్ల వెలుగు సన్నగా ఒక గీత. వాడు టార్చి వెలిగించి, అద్దం మీద జేబురుమాలు కప్పి, మీటరు మీదికి పట్టాడు. పచ్చటి వెలుగులో ముల్లు ఒక్కటే కనపడుతోంది. నేను రోజూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.

"వోల్టేజి?" గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు."

"తీగ?"

"మార్చాను. నాలుగుసార్లు."

ముల్లు లేచింది.

అది లేచింది... నిలిచింది... దిగింది. మళ్ళీ లేచింది. ఎక్కడో నైట్రోజన్ ఒకసారి గట్టిగా బుస కొట్టింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"అక్కా..." అన్నాడు వాడు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ గుమ్మంలోంచి పిలిచినట్టు.

నాకు ఏడుపు ఆగలేదు. చీకటి కనక సరిపోయింది.

కాసేపటికి టార్చి వెలుగు మీటరు మీంచి జరిగింది. నా గుండెల మీదికి వచ్చింది. మళ్ళీ మీటరు మీదికి పోయింది. మళ్ళీ నా మీదికి. "ఏంట్రా?" అన్నాను. ఇటు. అటు.

"బావా... ఒక్కసారి ఊపిరి బిగబట్టు."

బిగబట్టాను.

ముల్లు సగం ఎత్తులో ఆగిపోయింది.

గోడకు కొట్టిన మేకులా నిలబడింది. నా చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. ఆగింది. ఇంకా ఆగే ఉంది... నా వల్ల కాలేదు. వదిలాను. ముల్లు నాతోపాటు దిగింది.

"మళ్ళీ," అన్నాడు.

మళ్ళీ ఆపాను. మళ్ళీ ఆగింది. త్వరత్వరగా తీశాను. త్వరత్వరగా ఊగింది.

"బయటికెళ్ళు బావా."

మెట్ల మీద కూర్చున్నాను. పైన ఎక్కడో వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. లోకానికి ఆదివారం. తలుపు వెనకనుంచి వాడి గొంతు వినిపించింది. "చచ్చింది బావా. ముల్లు చచ్చింది." ఆ మాట అన్నాక నాలుక కరుచుకున్నట్టున్నాడు.

లోపలికి వెళ్ళేసరికి నా కుర్చీలో కూర్చుని, మీటరుకు ఎదురుగా గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. ముల్లు కదల్లేదు.

"నాకెందుకు రాదు?" అన్నాడు. చిన్నపిల్లాడి ఉక్రోషం ఆ గొంతులో.

ఇద్దరం ఆలోచించాం. నా ఒంటి మీద నైలాన్ స్వెటరు ఉంది. వాడిది నూలు చొక్కా. నైలాన్ రుద్దుకుంటే దాని మీద కరెంటు పేరుకుంటుంది, విప్పేటప్పుడు చిటపటలాడటం అందరికీ తెలిసిందే. అది నా ఛాతీతోపాటు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, అంత సున్నితమైన మీటరు దాన్ని పసిగట్టడంలో వింతేముంది? చక్కగా అతికింది. దొంగ దొరికాడు. నేనే.

"నీ తాలూకు బావా," అన్నాడు ఫ్యూజు. వాడికి ఏడుపొస్తోంది. "అంతా నీ తాలూకే."

స్వెటరు విప్పి మళ్ళీ చూద్దామన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. తేలిపోయిందనుకున్నాక మనిషి ఇంకో ప్రశ్న వెయ్యడు. ఆవిడైతే వేసేది.

నాకు ఎలా ఉందో చెప్పలేను. శ్మశానంలో కూడా అంత ఒంటరిగా లేను. అన్నాళ్ళు నేను పాలవాడి కబుర్లు చెప్పింది నా స్వెటరుకు. నా ఊపిరికే నేను జవాబు చెప్పుకున్నాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు పీపా మూత లాగి పారేసి, బిళ్ళలను బయటికి తీశాను. మంచు పట్టి తెల్లగా ఉన్నాయి.

"రేపు ఇచ్చెయ్యాలి కదా, ఇవ్వాళే కడిగేద్దాం" అన్నాను.

"తొందరేముంది బావా, సాయంత్రం దాకా..."

"దొంగదే కదరా. దేనికి దాచడం?"

లైట్లు వేశాం. బిళ్ళలు మామూలు వేడికి వచ్చేదాకా ఎదురుగా కూర్చున్నాం. మంచు కరిగి, నీరు కారి, ఆరింది. దూదితో తుడిచాను. మరలు విప్పాను. పై బిళ్ళ ఎత్తబోతే రాలేదు. చిక్కటి ద్రవం పట్టుకుంటుంది, అది మామూలే. వేళ్ళతో మెల్లగా లాగాను. విడివడింది. రెండు బిళ్ళల మధ్య ఒక తీగ సాగింది, తేనె రంగులో, సన్నగా. ఎంత దూరం లాగినా తెగలేదు. చెయ్యి భుజం దాకా ఎత్తాను. అప్పటికీ తెగలేదు. వెలుగులో మెరుస్తూ, సన్నబడుతూ, నా ఊపిరి తగిలి కాస్త వంగింది. వంగి చూశాను దగ్గరగా. తియ్యటి వాసన ఏదో ముఖానికి తగిలింది, పీల్చాను.

తెగింది.

దూది స్పిరిటులో ముంచి రెండు బిళ్ళలూ తుడిచాను. దూదిని స్పిరిటు సీసాలోనే పడేశాను. ఆరబెట్టాను. ఆవిడ నియమం కనక, దొంగ గుట్ట శవపరీక్ష కూడా పూర్తిచేద్దామని, ఖాళీ బిళ్ళలను బిగించి, మళ్ళీ పీపాలో చల్లబరిచి, మీటరుకు తగిలించాను. అదే తీగ. అదే కుర్చీ. అదే స్వెటరు.

ఫ్యూజు లైట్లు తీసేశాడు. టార్చి పట్టాడు.

ముల్లు సున్నా మీద ఉంది.

ఊపిరి తీశాను. వదిలాను. తీశాను.

ముల్లు సున్నా మీద ఉంది.

"బావా..." వాడి గుసగుస నా చెవి పక్కనే వినపడింది. "ఊపిరి తియ్."

"తీస్తూనే ఉన్నాను."

"గట్టిగా తియ్..."

రొప్పాను. కుర్చీ కిర్రుమంది. స్వెటరును చేతుల్తో రుద్ది, మళ్ళీ రొప్పాను. పరిగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీశాను.

సున్నా.

చీకట్లో ఎవరం కదల్లేదు. ఇద్దరం లెక్క తెలిసినవాళ్ళమే. స్వెటరు తాలూకు అయితే, ఖాళీ బిళ్ళల మీద కూడా రావాలి. రాలేదంటే నా ఊపిరిని పట్టుకున్నది మీటరు కాదు. తీగ కాదు. ఆ ద్రవంలో ఉన్నదేదో నా ఊపిరి వింటోంది. నేను ఆపితే తనూ ఆపుతోంది. నేను వదిలేదాకా తను వదలకుండా...

మంచం పక్కన నేను చేసినట్టు.

"లైటెయ్యరా!" అని అరిచాను. వాడు గోడంతా తడుముకున్నాడు. వెలుగు రాగానే స్పిరిటు సీసా దగ్గరికి పరిగెత్తాడు. దూదిని బయటికి తీసి అరచేతిలో పిండాడు. ఏముంటుంది? స్పిరిటులో ఆ ద్రవం ఇట్టే కరుగుతుంది, అందుకే కదా దాంతో తుడుస్తాం. సీసా నీళ్ళలా తేటగా ఉంది. వాడు దాన్ని వెలుగుకు అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, "అక్కా, అక్కా" అంటూ నేల మీద కూర్చుండిపోయాడు. నేను వాడి తల నిమరలేదు. నా చేతులకు ఇంకా జిగురుగా ఉంది.

తరవాత ఆవిడ చుక్క తీసిన డబ్బాలోని ద్రవమే మళ్ళీ పోసి చూశాం. వాడు పోశాడు, నేను పోశాను. రెండో జట్టువాళ్ళు జాలిపడి కొన్నాళ్ళు గడువిచ్చారు. ముల్లు కదల్లేదు. మా వృత్తిలో దీన్ని నిరూపణ అంటారు. అది నిజమేనని నిరూపించాం. నిరూపించడానికి తుడిచేశాం.

ఫ్యూజు ఆ తరవాత వేరే ఉద్యోగం చూసుకున్నాడు. అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. ఆరోగ్యం ఎలా ఉంది బావా అంటాడు. బాగుందిరా అంటాను. ఆ ఆదివారం సంగతి ఇద్దరం ఎత్తం.

ఆరోగ్యమంటే గుర్తొచ్చింది. మొన్న మామూలు పరీక్షకు వెళ్ళాను. కొత్త డాక్టరు, చిన్నపిల్ల. చొక్కా పైకెత్తించి వీపు మీద స్టెతస్కోపు పెట్టింది. "పీల్చండి తాతగారూ... వదలండి... పీల్చండి... ఇప్పుడు ఆపండి."

ఆపాను.

వింది. స్టెతస్కోపు కొంచెం కిందికి జరిపింది.

"ఆపండి తాతగారూ."

నోరు తెరవలేను కదా, ఆపానని చెయ్యి ఊపాను. ఆ పిల్ల ముందుకు వచ్చి నా పెదాలు చూసింది. కదలని ఛాతీ చూసింది. "ఒక్క నిమిషం, మామూలుగా తీసుకోండి" అని, లేచి ఫ్యాను కట్టేసింది. తలుపు మూసింది. స్టెతస్కోపు గొట్టాన్ని వేలితో కొట్టి చూసింది. దాన్ని తన గుండె మీద పెట్టుకుని విని, తల ఊపుకుంది. మళ్ళీ నా వెనక్కి వచ్చింది.

"ఇప్పుడు మళ్ళీ ఆపండి."

ఆపాను.

గది నిశ్శబ్దంగా ఉంది. వీపు మీద ఆ చల్లటి బిళ్ళ అలాగే ఉంది.

"వస్తోంది..." అంది ఆ పిల్ల. నాతో కాదు, తనలో తాను. "మెల్లగా... ఆగింది... మళ్ళీ వస్తోంది..."

నా కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. అయినా వదల్లేదు. వదిలితే నా చప్పుడులో అది కలిసిపోతుంది. ఆ ఆదివారం నేను పీల్చిందేదో, ఇప్పుడు నేను ఆపితే ఆగడం లేదు. నాతో కలవడం లేదు. దాని నడక దానిదే.

ఆ పిల్ల బిళ్ళను నా వీపు మీంచి తీసింది. చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుంది. తీసేశాక కూడా, తల ఒక పక్కకు వంచి వింటూనే ఉంది.